కొండదారిలో సైకిలు

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రోడ్డు తూర్పుకనుమలలోని అందమైన బాటలలో నొకటి. సముద్రతీరమున బయలుదేరి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోటలను దాటువరకు అది సామాన్యమైన పల్లెదారియే. ఇరుప్రక్కల పొలములు, మామిడితోటలు, తాటిచెట్లు కనబడుచుండును. సైకిలుపై పోవువాడు తోడివానితో మాటలాడుచు, పాట పాడుకొనుచు సులభముగా సాగిపోగలడు. కాని బొడ్డవర సమీపించునప్పటికి ఎదుట కొండలు గోడవలె నిలుచును. రోడ్డు తన స్వభావమును మార్చుకొనును. కుడికి వంగును, ఎడమకు తిరుగును, వెనుకకు మరలినట్లే మరలి మరల పైకి పోవును. ఒకచోట తల యెత్తి చూచిన చెట్టుకొమ్మలే కొంతసేపటికి కాళ్ల క్రింద కనబడును. అచ్చట పాట ఆగిపోవును, మాటలు తగ్గును, ఊపిరి చప్పుడు మాత్రమే వినబడును.

అట్టి దారిలో తరచుగా ఒక వింత కాననగును. కండలు తిరిగిన యువకుడొకడు సీటుపైనుండి లేచి, పండ్లు బిగించి, బలమంతయు కాళ్లలోనికి తెచ్చుకొని మొదటి మలుపును వేగముగా దాటును. రెండవ మలుపున వాని వేగము తగ్గును. మూడవ మలుపున వాడు దిగి, కల్వర్టు గోడపై కూలబడి ఆయాసపడుచుండును. అంతలో బక్కపలుచని వాడొకడు తొందర లేకుండ, కాళ్లను తేలికగా త్రిప్పుకొనుచు, వానిని దాటి ముందునకు పోవును. కొండనెక్కుట బలమునకు సంబంధించిన విషయమే యైనచో బలవంతుడే ముందుగా చేరవలెను గదా! కాని కొండదారి బలమునకంటె లెక్కకు ఎక్కువ విలువ నిచ్చును. ఆ లెక్కను మొదట రోడ్డు వేసినవాడు నేర్చుకొనెను. తరువాత సైకిలు చేసినవాడు నేర్చుకొనెను. చివరకు సైకిలు త్రొక్కువాడును నేర్చుకొనక తప్పదు.

రోడ్డు నేర్చుకొనిన లెక్కను తిరుమల యాత్రికులు తెలియకయే చూచియుందురు. శ్రీవారిమెట్టునుండి కాలినడకను పోవు మార్గము రెండు కిలోమీటర్లకు కొంచెము మించి యుండును. ఆ మార్గమున రెండువేల మూడువందలకు పైగా మెట్లు కలవు. 1944 లో ప్రారంభింపబడిన మొదటి ఘాటురోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు. రెండు మార్గములును చేరునది ఆ కొండపైకే. అయినను ఒకటి రెండు కిలోమీటర్లలో చేర్చు ఎత్తునకు, రెండవది అంతకు ఎన్నోరెట్లు దూరము తిరిగి చేరుచున్నది. మెట్లపై బండి పోజాలదు. బండి పోవలెనన్నచో ఎత్తును చిన్నచిన్న భాగములుగా విభజించి, దూరముపై పరచవలెను. ఎత్తు తగ్గదు; కాని ఒక్కొక్క అడుగున ఎక్కవలసిన ఎత్తు తగ్గును. ఘాటురోడ్డు వంకరలన్నియు ఈ పరచుటయందు పుట్టినవే.

ఇట్లు పరచిన ఎత్తును కొలుచుటకు ఇంజనీర్లు శాతమును వాడుదురు. నేలపై నూరు మీటర్లు ముందునకు పోవునప్పటికి దారి ఏడు మీటర్లు పైకి లేచినచో దాని వాలు నూటికి ఏడు. ఈ అంకె కాగితముపై మిక్కిలి చిన్నదిగా కనబడును. కంటికి సైతము అట్టి దారి పెద్దమిట్టగా తోచకపోవచ్చును. కాని నూటికి ఏడు వాలుగల దారిపై పదిహేను కిలోమీటర్లు పోయినవాడు వేయి మీటర్లకు మించిన ఎత్తు నెక్కినవాడగును. అది సుమారు మూడువందల అంతస్తుల మేడ నెక్కుటతో సమానము. అట్టి మేడ లోకమునందెచ్చటను లేదు. కాని కొండదారిలో సైకిలుపై పోవువారు అట్టిదానిని ఒక్క ఉదయమున ఎక్కుచున్నారు.

కొండవాలు కోసమని రోడ్డు ఒకే దిక్కునకు పోవుచున్నచో కొండను వదలి దూరముగా పోవలసివచ్చును. కావున కొంతదూరము పోయిన పిదప దానిని వెనుకకు మరలింపవలెను. తలలో పెట్టుకొను పిన్నువలె వంగియుండుటచే అట్టి మలుపునకు హెయిర్‌పిన్ మలుపని పేరు వచ్చినది. ఈ మలుపులో లోపలి అంచు పొట్టిది, బయటి అంచు పొడుగైనది. రెండంచులును ఒకే ఎత్తునుండి ఒకే ఎత్తునకు పోవును గనుక పొట్టిదైన లోపలి అంచున వాలు ఎక్కువగానుండును. కొండదారిలో అలవాటున్నవారు ఈ సంగతి నెరిగి, మలుపునకు ముందే కొంత శక్తిని దాచుకొందురు. అరకుదారికి సమీపముననే కొత్తవలస - కిరండూల్ రైలుమార్గము కూడ కొండలపైకి పోవుచున్నది. ఇనుపపట్టాలపై ఇనుపచక్రమునకు పట్టు తక్కువగుటచే రైలుదారికి రోడ్డుకున్నంత వాలు పనికిరాదు. అందువలన అది ఇంకను ఎక్కువ దూరము తిరుగుచు, కొండ అడ్డువచ్చినచోట సొరంగముగుండ పోవుచు, పలు సొరంగములను దాటి శిమిలిగుడ యొద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తును చేరును. ఏ బండికి తగిన లెక్క ఆ బండిది.

ఇక సైకిలు నేర్చుకొనిన లెక్క. సమతలమైన నేలపై సైకిలునకు ముఖ్యశత్రువు గాలి. వేగము పెరిగినకొలది గాలి యెక్కువగా ఎదిరించును. కొండపై వేగము తక్కువ గనుక గాలి యంతగా బాధింపదు. అచ్చట బరువే శత్రువు. అరువది కిలోల మనిషియు, పదునైదు కిలోల సైకిలును కలిసి డెబ్బదియైదు కిలోలు. ఈ బరువునంతటిని మనిషి తన కాళ్లతో పైకెత్తవలెను. సైకిలు ఆ బరువులో ఒక్క కిలోనైనను తగ్గింపజాలదు. కాని ఒక్కొక్క త్రొక్కుడునకు ఎంత ఎత్తవలెనో నిర్ణయించు అవకాశమును అది ఇవ్వగలదు.

సైకిలునకు పెడళ్లవద్ద ఒక పండ్లచక్రమును, వెనుకచక్రమువద్ద మరియొక చిన్న పండ్లచక్రమును ఉండును. రెంటిని చైను కలుపును. ముందుదానికి 48 పండ్లు, వెనుకదానికి 16 పండ్లు ఉన్నవనుకొందము. పెడలు ఒకసారి పూర్తిగా తిరిగినచో వెనుకచక్రము మూడుసార్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు గనుక సైకిలు 6.3 మీటర్లు ముందునకు పోవును. చదునైన రోడ్డుపై ఇది ఎంతో లాభము. కాని నూటికి ఏడు వాలుగల కొండపై అదే త్రిప్పుడునకు సైకిలు, మనిషి కలిసి 44 సెంటీమీటర్లు పైకి లేవవలెను. ఇప్పుడు ముందును వెనుకను సమానముగా 32 పండ్లున్న చక్రములపై చైను నడచుచున్నదనుకొందము. పెడలు ఒకసారి తిరిగినచో వెనుకచక్రమును ఒకసారియే తిరుగును. సైకిలు 2.1 మీటర్లు మాత్రమే పోవును. లేవవలసిన ఎత్తు 15 సెంటీమీటర్లు మాత్రమే. అది ఇంటిముందరి మెట్టు ఎత్తుకంటె ఎక్కువ కాదు. మొదటి విధమున మూడు మెట్లను ఒక్క అంగలో దాటినట్లు. రెండవ విధమున మెట్టు తరువాత మెట్టు ఎక్కినట్లు. చేరవలసిన ఎత్తు ఒక్కటియే, చేయవలసిన మొత్తము పని ఒక్కటియే. కాని మొదటివాడు మోకాళ్లు నొప్పిపుట్టి ఆగిపోవును; రెండవవాడు ఎక్కువసార్లు త్రిప్పి శిఖరమును చేరును. గేరు అనగా ఇంతియే. రోడ్డు ఎత్తును దూరముపై పరచినట్లు, గేరు బరువును త్రొక్కుళ్లపై పరచును.

ఇంత తేటయైన లెక్కను లోకము అంగీకరించుటకు చాలకాలము పట్టెను. ఫ్రాన్సుదేశమున సెంతేతియెన్ అను పట్టణము కలదు. దానికి సమీపమున 1,100 మీటర్లకు మించిన ఎత్తుగల ఒక కనుమ యున్నది. 1853 లో జన్మించిన పోల్ ద వివీ అను నాతడు ఆ పట్టణమున పట్టువ్యాపారము చేయుచుండెను. ఆయనకు సైకిలుపై మక్కువ మెండు. 1887 లో ఆయన తన వ్యాపారమును మాని, సైకిళ్ల దుకాణము పెట్టి, సైకిలుయాత్రలను గూర్చి ఒక పత్రికను కూడ నడపసాగెను. ఆ పత్రికలో ఆయన వెలోసియో అను పేరుతో వ్రాసెను. ఆ పేరే లోకమున నిలిచెను. ఒకనాడాయన ఒకే గేరుగల సైకిలుపై ఆ కనుమదారిని శ్రమపడి ఎక్కుచుండగా, ఆయన పత్రికను చదువు పాఠకుడొకడు తాపీగా చుట్టగొట్టము కాల్చుకొనుచు ఆయనను దాటిపోయెనని చెప్పుదురు. మరియొకడైనచో అవమానపడి ఊరకుండెడివాడు. వెలోసియో ఆ అవమానమును ప్రశ్నగా మార్చుకొనెను. కొండకొక గేరు, సమతలమునకొక గేరు ఉండరాదా యని ఆలోచించెను. ముందు రెండు పండ్లచక్రములను అమర్చి, చైనును ఒకదానినుండి మరియొకదానికి మార్చుచు, ఎన్నో సైకిళ్లను పరీక్షించెను. ఆ ఫలితములను పత్రికలో ప్రకటించెను. 1930 లో మరణించువరకు ఆయన కొండదారులను విడువలేదు.

1902 లో ఫ్రాన్సుదేశపు యాత్రికసంఘము పర్వతమార్గములలో సైకిళ్లకు పరీక్ష జరిపెను. అందు మార్త్ హెస్ అను మహిళ మూడు గేర్లుగల సైకిలుపై పాల్గొని, నేలపై పాదము మోపకుండ కనుమ నెక్కి అందరి మెప్పును పొందెను. స్త్రీలు సైకిలెక్కుటయే తగదని పలువురు వాదించుచున్న కాలమది. కొండ మాత్రము త్రొక్కువారు స్త్రీలా పురుషులా యని విచారింపలేదు. లెక్క సరిగా నున్నదా లేదా యనియే విచారించెను.

అయినను పందెములలో గేర్లకు ప్రవేశము దొరకలేదు. ఫ్రాన్సుదేశమును చుట్టివచ్చు టూర్ ద ఫ్రాన్స్ అను సుప్రసిద్ధమైన సైకిలు పందెము 1903 లో ప్రారంభమయ్యెను. దానిని నడపిన ఆన్రీ దెగ్రాంజ్ గేర్లు ముసలివారికే గాని వీరులకు తగవని భావించెను. కండబలమున గెలిచినదే గెలుపని ఆయన పట్టుదల. 1910 లో ఈ పందెము మొదటిసారిగా పిరెనీసు పర్వతములలోని ఎత్తైన కనుమలను దాటెను. వానిలో తూర్మలే అను కనుమ 2,115 మీటర్ల ఎత్తైనది. ఒక ప్రక్కనుండి ఎక్కువారికి సుమారు 19 కిలోమీటర్లు, రెండవ ప్రక్కనుండి సుమారు 17 కిలోమీటర్లు నూటికి ఏడుకు మించిన సగటు వాలుతో దారి సాగును. నాడది తారురోడ్డు కాదు. రాళ్లును బురదయు నిండిన బాట. గొఱ్ఱెలకాపరులు, పశువులు నడచు దారి. ఒక్క రోజున 326 కిలోమీటర్లు పోవలసిన ఆ పందెములో ఆనాటి విజేతయైన ఒక్తావ్ లపీజ్ సైతము కొంతదూరము సైకిలును తోసికొని నడువవలసివచ్చెను.

మూడేండ్ల తరువాత అదే కనుమలో జరిగిన సంఘటన సైకిలు పందెముల చరిత్రలో మరపురానిది. 1913 లో యూజీన్ క్రిస్తోఫ్ అను వీరుడు తూర్మలేనుండి క్రిందికి దిగుచుండగా అతని సైకిలు ముందుచక్రమును పట్టియుంచు ఫోర్కు విరిగెను. ఎవరి సహాయమునైనను పొందరాదని పందెపు నియమము. మరియొక సైకిలును తీసికొనుటకు వీలులేదు. క్రిస్తోఫ్ కంట తడిపెట్టుకొని, విరిగిన సైకిలును భుజముపై వేసికొని, పది కిలోమీటర్లకు పైగా కొండ దిగి నడచెను. సేంత్ మరీ ద కంపాన్ అను పల్లె చేరి, అచ్చటి కమ్మరి కొలిమిలో ఇనుమును కాల్చి, కొట్టి, తన చేతులతోనే ఫోర్కును బాగుచేసికొనెను. పందెపు అధికారులు ప్రక్కన నిలిచి కనిపెట్టుచుండిరి. రెండు చేతులును పనిలోనుండగా కొలిమితిత్తి ఊదుట యెట్లు? ఒక చిన్నవాడు తిత్తి ఊదెను. ఆ మాత్రపు సహాయమునకు అధికారులు అతనికి శిక్షగా కొన్ని నిమిషములను అదనముగా చేర్చిరి. గెలుపునకాశ లేకున్నను క్రిస్తోఫ్ మరల సైకిలెక్కి తక్కిన కనుమలను దాటెను. ఆ ఏటి పందెమును ఏడవవాడుగా ముగించెను. నేటికిని ఆ పల్లెలో ఆ కొలిమియున్న స్థలమున అతని జ్ఞాపకార్థమైన ఫలకము కలదు. మొదటివాడుగా చేరిన వారిలో ఎందరినో లోకము మరచినది. కొలిమివద్ద నిలిచిన ఈ ఏడవవానిని మరువలేదు.

కాలక్రమమున నియమములు సడలెను. 1937 లో టూర్ ద ఫ్రాన్స్ పోటీదారులందరికిని చైనును దాటించు గేర్లు అనుమతింపబడెను. వెలోసియో ఆలోచన మొదలుపెట్టిన అర్ధశతాబ్దమునకు పందెపు నాయకులు ఆయన లెక్క నంగీకరించిరి. గేర్లు వచ్చుటచే వీరత్వమేమియు తరిగిపోలేదు. పూర్వము నడచి ఎక్కినచోట త్రొక్కి ఎక్కుచున్నారు, అంతియే భేదము.

గేర్లున్న సైకిలు కొన్నంతమాత్రమున కొండ వశమగునా? కాదు. త్రొక్కువాడు నేర్చుకొనవలసిన లెక్క మూడవది. అది అన్నింటికంటె కష్టమైనది. రోడ్డు ఎత్తును పరచినట్లు, గేరు బరువును పరచినట్లు, అతడు తన శక్తిని కాలముపై పరచవలెను. మనిషి తిన్న ఆహారములోని శక్తిలో సుమారు నాలుగవవంతు మాత్రమే పనిగా మారును. తక్కినదంతయు వేడిమియై పోవును. ఆ వేడిని బయటికి పంపుటకే చెమట పట్టును. చెమటతో నీరును, ఉప్పును పోవును. దాహమైన తరువాత త్రాగుదమని కూర్చున్నవానికి అప్పటికే ఆలస్యమైయుండును. కావుననే ఆకలి కాకముందు తినవలెననియు, దాహము కాకముందు త్రాగవలెననియు, గొప్పకొఱకు ఎన్నడును త్రొక్కరాదనియు వెలోసియో తన పాఠకులకు బోధించెను. పక్కవానితో రెండు మాటలు మాటలాడుటకైన ఊపిరి మిగిలియున్నచో ఆ వేగము తగినదని గ్రహింపవచ్చును. మాట పెగలనిచో వేగమును తగ్గింపవలెను, గేరు మార్చవలెను, అవసరమైనచో దిగి నడువవలెను. నడచుట ఓటమి కాదు. లపీజ్ నడచెను, గెలిచెను.

ఈ లెక్క తెలిసినవాడు అరకుదారిలో ఎట్లు పోవునో చూతము. అతడు వేకువకు ముందే బయలుదేరును. ఎండ ముదురకముందే మైదానమును దాటవలెనని అతని యుద్దేశము. శృంగవరపుకోటలో కడుపునిండ ఇడ్లీలు తిని, సీసాలలో నీరు నింపుకొని, చక్రములలో గాలి సరిచూచుకొనును. పంపు, పంక్చరు అతుకులు, మరియొక ట్యూబు అతని సంచిలో నుండును. ఏలయన కొండలో అడుగడుగునకు సైకిలుషాపు ఉండదు. ఘాటు మొదలుకాగానే చిన్నగేరు వేసికొని, ఎడమ అంచును విడువక మెల్లగా ఎక్కును. ఎదుట దిగుచున్న బస్సులును, లారీలును మలుపులో విశాలముగా తిరుగును గనుక మలుపు రాకముందే చెవియొగ్గి వినును. కొంతపైకి పోయిన తరువాత గాలి చల్లబడును. వేయి మీటర్లు ఎక్కినచో వాతావరణమున సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గును. చెట్లును మారును. అనంతగిరి ప్రాంతమున సిల్వరోకు చెట్ల నీడలో కాఫీతోటలును, ఆ చెట్లపై అల్లుకొనిన మిరియపుతీగెలును కనబడును. ఒకవైపు బొఱ్ఱాగుహలకు దారి చీలును. గాలికొండ సమీపమున రోడ్డు వేయి మీటర్లకు మించిన ఎత్తును చేరి, పిదప సుంకరిమెట్ట మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయకు దిగును. శీతకాలపు తొలిదినములలో పోయినవారికి వలిసెపూలతో పచ్చగా నిండిన పొలములు స్వాగతమిచ్చును.

ఈ దారి యాత్రికుని వినోదము కొఱకే వేసినది కాదు. కొండలలో నివసించు గిరిజనులకు అది సంతకు పోవు బాట, ఆసుపత్రికి పోవు బాట, బడికి పోవు బాట. తలపై బుట్టతో, భుజముపై కావడితో నడచువారికి దారి నిచ్చుట సైకిలుదారుని ధర్మము. మేకలమంద అడ్డు వచ్చినచో గంట మ్రోగించి బెదరించుటకంటె ఆగి నిలుచుట మేలు. తాను త్రాగిన సీసాను, తిన్నపొట్లమును తన సంచిలోనే వేసికొని తిరిగి తేవలెను. ఎక్కుటకు శ్రమపడినవాడు ఒక్క ఉదయము మాత్రమే శ్రమపడును. ఆ కొండను ప్రతిదినము ఎక్కిదిగువారు ఆ శ్రమను గూర్చి గొప్పలు చెప్పుకొనరు.

చివర చెప్పవలసినది దిగుటను గూర్చి. ఎక్కుట కష్టము, దిగుట సుఖమని అందరును తలంతురు. కాని కొండదారిలో ప్రాణాపాయము దిగుటలోనే యెక్కువ. ఎక్కునప్పుడు సంపాదించినది ఎక్కడికి పోయినది? ఎక్కుటకు వెచ్చించిన శక్తి ఎత్తురూపమున నిలువయుండును. దిగునప్పుడు అదంతయు వేగముగా మారుటకు సిద్ధముగా నుండును. డెబ్బదియైదు కిలోల బరువు 900 మీటర్లు దిగినచో వెలువడు శక్తి రెండు లీటర్ల చన్నీటిని మరిగించుటకు చాలును. బ్రేకులను ఎడతెగక పట్టుకొని దిగువాని విషయమున ఆ వేడిలో అధికభాగము బ్రేకులలోనే పుట్టును. బ్రేకులు, చక్రపు అంచులు కాలిపోవునట్లు వేడెక్కి, పట్టు తప్పవచ్చును, ట్యూబు పగులవచ్చును. అందువలన నేర్పరులు బ్రేకులను పట్టుచు విడుచుచు, వానికి చల్లారుటకు వ్యవధి నిత్తురు. మలుపులోనికి పోయిన తరువాత గాక మలుపునకు ముందే వేగమును తగ్గింతురు.

వేగపు లెక్క మరియు కఠినమైనది. వేగము రెండింతలైనచో ఆగుటకు పట్టు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. గంటకు ఇరువది కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసినచో నాలుగు మీటర్లలో ఆగు సైకిలు, నలువది కిలోమీటర్ల వేగమున పదునారు మీటర్లకు గాని ఆగదు. మలుపు ఆవల ఆవు నిలిచియున్నదో, బండరాయి పడియున్నదో ఎవరికి తెలియును? కనబడుచున్న దూరములో ఆగగల వేగమే తగిన వేగము. పొగమంచు క్రమ్మినప్పుడు, వాన కురిసి రోడ్డు తడిసినప్పుడు ఆ వేగమును ఇంకను తగ్గింపవలెను. ఎక్కునప్పుడు పట్టిన చెమట దిగునప్పుడు గాలికి చల్లబడి వణుకు పుట్టించును. వణకుచున్న వ్రేళ్లు బ్రేకును సరిగా పట్టలేవు. పూర్వపు పందెగాండ్రు శిఖరమున వార్తాపత్రికలను అడిగి తీసికొని, చొక్కా లోపల రొమ్మునకడ్డముగా పెట్టుకొని దిగెడివారు. సంచిలో ఒక పలుచని కోటున్నచో నేటి యాత్రికునికి ఆ యవసరముండదు.

కొండను జయించితినని చెప్పుకొనుట మనుష్యునికి అలవాటు. కాని కొండ ఎవరికిని లొంగలేదు. రోడ్డు దాని నడుమును చుట్టి మెల్లగా పైకి పోయినది. గేరు దాని ఎత్తును మెట్లుగా మార్చినది. ఓర్పుగలవాడు ఆ మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కినాడు. ఎత్తు మాత్రము ముందెంతయున్నదో నేడును అంతయే యున్నది. గాలికొండ యొద్ద ఆగి, తాను వచ్చిన దారిని క్రిందికి చూచుకొను సైకిలుదారునికి ఈ సంగతి బోధపడును. ఉదయము గోడవలె భయపెట్టిన కొండ మీద, సన్నని దారమువలె చుట్టుకొనిన రోడ్డు కనబడుచుండును. ఆ దారమును అతడు ఒక్క లాగున లాగలేదు. మూరమూరగా చుట్టుకొనుచు వచ్చెను.